తట్టి చూసే తాత

రైలు పట్టాలు పరీక్షించే కీమ్యాన్‌గా శంకర్‌పల్లిలో పనిచేసిన మా తాత, దేన్నయినా తట్టి విననిదే నమ్మేవాడు కాదు. పగిలిన పట్టా సుత్తి దెబ్బకు వేరుగా మోగుతుందట. మా పాప ఊయల గొలుసునూ రోజూ తట్టి చూసేవాడు. గొలుసు తెగుతుందేమోనన్న నా భయానికి అదే ధైర్యం.

నిజాం కాలపు రైలు కంపెనీ చరిత్ర రాస్తున్నానంటూ ఒకాయన మొయినాబాద్‌లోని మా ఇంటికొచ్చి, తాత దగ్గరున్న ఒకే ఒక్క ఫోటో పట్టుకెళ్లాడు. అందులో కంపెనీ దొర, ఆయన కుక్క, వెనక లాంతరుతో తాత తండ్రి.

"జర మా బాపు పేరు మర్వకుండ్రి సారూ" అన్నాడు తాత.

పుస్తకం వచ్చింది, ఫోటో తిరిగి రాలేదు. బొమ్మ కింది మాటలు చదివాను. దొర పేరుంది, కుక్క పేరూ ఉంది.

"మా బాపుది?"

"తదితరులు అని ఏసిన్రు తాతా."

తాత వేలి కణుపుతో పుస్తకాన్ని తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"పగులున్నది బిడ్డా. దీని మీదికెల్లి బండి పోనియ్యొద్దు."