పటంలో లేని కంప

బెంగళూర్లో ఊర్ల ప్లానింగ్ చదివేటప్పుడు మాకొక పని ఇచ్చినారు. సొంతూరి పటం గీయల్ల. కట్టిన ఇండ్లన్నీ నలుపు, మిగతాదంతా తెలుపు. అట్లా గీస్తే ఊరు ఎట్లా పెరిగిందో, బయలు యాడ మిగిలిందో తెలుస్తాదంట. నేను సెలవులకు రాయచెర్లకొచ్చి, టేపు పట్టుకోని ఇంటింటికీ తిరిగితి. జనాలు ఊరికే ఉంటారా? "ఏందిమ్మే, చేన్లు చాలలేదని ఇండ్లు గూడా సోలారోళ్లకిచ్చేస్తావా?" అని ఒకటే ఎగతాళి.

ఆ ఎండాకాలమే మా చెల్లెలి పెండ్లి. ఇంటిముందరే చప్పరం వేసుకోని పెండ్లి చేసుకోవల్లని దానికి ఎంతాశో. మా నాయన ఒప్పుకోడు. "ఈడ జాగా యాడుండాదే? పావగడలో మంటపం మాట్లాడతా" అంటాడు. మా వాకిలికీ చిన్నాయన వాకిలికీ నడుమ తుమ్మకంప అడ్డం మరి. గొర్రెలున్న కాలంలో దొడ్డికాడ అమ్మా చిన్నమ్మా గొంతులు చించుకోని వేసుకున్న కంప అది. గొర్రెల్ని అమ్మేసినారు, చేన్లు సోలారు పలకల కిందికి పోయినాయి, కంప మాత్రం అట్లే ఉండాది. పొద్దున్నే ఇద్దరూ కల్లాపి చల్లేది ఆ కంప దాకానే. ఒక్క చుక్క అవతల పడదు. చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఒక సాయంత్రం పటాన్ని మంచంమీద పరిస్తి. చిన్నమ్మ గూడా వచ్చింది, తనిల్లు సరిగా గీసినానో లేదో చూసేకి. అమ్మతోనే మాటల్లేవు గానీ నేనంటే ఆమెకు ప్రాణం. నాయన వంగి చూసి, "ఇదేంది, కంప యాడ?" అన్నాడు.

"కట్టడాలే గీయల్ల నాయనా. కంప కట్టడం కాదు."

పటంలో రెండిండ్ల నడుమ తెల్లగా ఒకే బయలు. చెల్లెలు దానిమీద వేలుపెట్టి, "ఈడ చప్పరం పడతాది" అనింది. చిన్నమ్మ ఆ తెలుపును చానాసేపు చూసి, కొంగు దులుపుకోని ఎల్లిపోయింది. చెల్లెలి ఆశ గంగలో కలిసినట్టే అనుకుంటి.

తెల్లారి బరబరా చప్పుడైతే బయటికొచ్చి చూస్తి. చిన్నాయన కంపను ఈడ్చి పారేస్తా ఉన్నాడు. చిన్నమ్మ తన వాకిట్లో కల్లాపి మొదలుపెట్టి, కంప ఉన్న చోటు దాటుకోని, మా గడప దాకా చల్లేసింది. అమ్మ చీపురు చేతబట్టుకోని తలుపుకాడ నిలబడిపోయింది.

"ఏమక్కా, చూస్తా నిలబడితే ముగ్గెవురేస్తారు? పెండ్లిల్లు గదా" అని కసిరింది చిన్నమ్మ.

నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. అమ్మ ముగ్గుడబ్బా కోసం లోపలికి ఉరికింది. మా గడపకాడ ఎత్తుకున్న ముగ్గును చిన్నమ్మ గడపకాడ గానీ దించలేదు.