చివరి వరుస చదివినవాడు

నాకూ షుగరొచ్చింది. నిన్న మిర్యాలగూడలో పరీక్షకు వెళ్తే కంట్లో చుక్కలు వేశారు. చురుక్కుమంది. రెప్పలు టపటపా కొట్టుకుంటూ సుగుణ డాక్టరమ్మను తలచుకున్నాను. సూర్యాపేటలో ఆవిడ దగ్గర పదకొండేళ్లు పనిచేశాను. వచ్చినవాళ్లతో గోడమీది అక్షరాలు చదివించడం, ఇవే చుక్కలు వేయడం నా ఉద్యోగం. ఎంతమందిని ఏడిపించానో పాపం!

మా వైపు కంటి డాక్టరంటే శుక్లాలు తీసే మనిషి. ఆవిడకేమో కంటి వెనకుండే రెటీనా పొర మీదే ధ్యాసంతా. షుగరున్నవాళ్లకు చూపు తగ్గకముందే అక్కడేం మొదలవుతుందో తెలుసుకోవాలని పట్టుదల. మా ప్రాంతంలో అంతకుముందు ఎవరూ అలా వెతకలేదు. చుక్కలతో కంటిపాప పెద్దదయ్యాక లోపలికి చూసి, చూసిన ప్రతి కంటినీ నోటుబుక్కులో రంగు పెన్సిళ్లతో గీసేవారు. ఫొటో తీసే మిషనుండగా ఈ బొమ్మలెందుకమ్మా అని అడిగాను. "మిషన్ చూస్తది సరే. మరి నేను చూడొద్దా?" అని నవ్వారు.

ఒకసారి కోదాడ క్యాంపుకి పాలకీడు నుంచి యాదయ్య వచ్చాడు. మఠంపల్లి నుంచి సిమెంటు తోలే లారీ డ్రైవరు. షుగరుంది. ఒక్కో కన్నూ మూసి చివరి వరుసదాకా గడగడా చదివేశాడు. "సుక్కలొద్దన్నా. సాయంత్రందాక మసకుంటదంట గదా, లోడెట్ల తోలాలె?" అన్నాడు. అంత బాగా చదివినవాడికి ఏముంటుందిలే అని పంపేశాను.

సాయంత్రం డాక్టరమ్మ పేర్లూ బొమ్మలూ సరిచూసుకుంటూ "యాదయ్య బొమ్మేది?" అన్నారు. చెప్పాను. పెన్సిల్ కింద పెట్టారు. "అక్షరాలు చదివేది రెటీనా నడిమి భాగంతోనే శీనూ. చుట్టూ ఏమైతుందో నువ్వు చూసినవా?" ఇంత చిన్నదానికా అని నాకు ఒళ్లు మండింది. ఫోన్ చేస్తే, అతను అప్పటికే లోడుతో బయల్దేరిపోయాడు.

పది రోజులకు తిరిగొచ్చాడని తెలిసి ఇద్దరం పాలకీడు వెళ్లాం. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ఎడమ కంట్ల నల్లగ పొగ కమ్మినట్టున్నది మేడమ్. ఇగ లారీ ఎక్కుడెట్ల?" అన్నాడు. డాక్టరమ్మ అక్కడే చుక్కలు వేయించి చూశారు. లోపల నెత్తురు కారింది. లేజరు వైద్యంతో కుడి కన్ను దక్కింది, ఎడమది దక్కలేదు. లారీ వదిలేశాడు.

క్యాంపు రోజు గీయాల్సిన పేజీ మీద యాదయ్య పేరొక్కటే ఉంది. చింపేయమని బతిమాలాను. "ఉండనీ. చూడనిది కూడా మనకు తెల్వాలె" అన్నారు. ఆ రోజే చూసుంటే కన్ను దక్కేదా అని అడిగాను. "తెల్వదు శీనూ" అన్నారు.

అబద్ధమైనా ఒక్క ఓదార్పు మాట అంటారనుకున్నాను. అనలేదు. ఆవిడ దగ్గర మానేసినా, ఇప్పటికీ కంటి క్యాంపులకు పనికి వెళ్తుంటాను; అక్కడ "నాకు మంచిగనే కనిపిస్తది" అంటూ లేచిపోయేవాళ్లను చెయ్యి పట్టుకుని కూర్చోబెడతాను. యాదయ్య చెయ్యి పట్టుకోలేదు నేను.