తట్ట ఎత్తిన ఊపిరి

గోదావరిఖనిల బొగ్గుబాయిల ముప్పై ఏండ్లు పనిచేసిన. అండ్ల సగం కాలం తట్టల బొగ్గు నింపి పట్టాల మీది టబ్బుల పోసుడే. తట్ట ఎత్తేటప్పుడు దుమ్ము లోపలికి పోవద్దని ఊపిరి బిగబట్టేది. ఎవ్వరు నేర్పలేదు, అందరం గట్లనే చేసెటోళ్ళం.

రిటైరైన నాలుగేండ్లకు ఊపిరందక దమ్ము మొదలైంది. నడిస్తె కొంచెమే, చేతులు లేపితె మాత్రం ఎక్కువ వచ్చేది. తల దువ్వుకుంటె సగంల ఆగాలె. అంగీ తొడుక్కుంటె మంచం మీద కూలబడాలె. ఇంటామెకు తెల్వనియ్యలేదు. జుట్టు పొట్టిగ కొట్టించుకున్న. ఉక్కపోస్తున్నదని చెప్పి అంగీ వేసుకునుడే తగ్గించిన.

ఆమెకు చెప్పకుంటనే దవాఖానకు పోయిన. అక్కడ కసరత్తు నేర్పే అమ్మాయి రెండు చేతులల్ల చెరొక అర లీటరు నీళ్ళ సీసా పెట్టింది. చేతులు లేపేటప్పుడు పెదవులు సన్నగ చేసి, వేడి చాయ ఊదినట్టు గాలి వదలాలన్నది. దించేటప్పుడు ముక్కుతోని పీల్చాలట. నాలుగోసారికే నాకు కండ్లు తిరిగినయి.

"కాకా, మీరు ఊపిరి ఆపేస్తున్నరు," అన్నది.

ఆపుతున్నట్టు నాకే తెల్వదు. చేతిల బరువు పడంగనే రొమ్ము తనంతట తనే బిగుసుకుంటున్నది.

ఇంట్ల తలుపు దగ్గరికేసుకొని రోజూ చేసిన. వారమైనంక, కొంచెం నయమే అనిపించి, ఓ పొద్దున సజ్జ మీది దుప్పట్ల మూట దించబోయిన. చేతులు పైకి పోంగనే ఊపిరి బిగబట్టిన. మూట, నేను ఒక్కసారే కింద పడ్డం. నోరు తెరుస్తున్న గని గాలి ఆడుతలేదు.

ఇంటామె వంటింట్ల నుంచి ఉరికొచ్చింది. లేపి, ముందుకు వంచి కూసోబెట్టింది. "ఊదు, మెల్లగ ఊదు," అనుకుంట నా మొఖం ముంగట తనే పెదవులు సన్నగ చేసి ఊదింది. ఆమెను చూసి నేను ఊదిన. శానసేపటికి దమ్ము తగ్గింది.

నీకెట్ల తెలుసని అడిగిన. వారం సంది తలుపు సందుల నుంచి చూస్తున్నదట. అంగీ సంగతి గూడ ఎప్పుడో తెలుసట. నా అంతట నేనే చెప్తనని ఆగిందట. నాకు తలెత్త బుద్ధికాలేదు.

ఇప్పుడు ఎదురుంగ కూసొని లెక్కపెడ్తది. పదిసార్లు చెయ్యాలె, నేను ఏడుకే ఆగుత. ఊపిరి బిగబడితె మోకాలు మీద తడ్తది. రోజు రెండు మూడుసార్లన్న తట్టాల్సి వస్తనే ఉన్నది. "పదికి వస్తె మొత్తం బాగైతది," అంటది.

పాడైన ఊపిరితిత్తులు మళ్ళ మంచిగ కావని, ఉన్న గాలితోని పని వెళ్ళదీసుకునుడే ఈ కసరత్తని, ఆ అమ్మాయి మొదటిరోజే చెప్పింది. ఆ మాట ఇంటామెకు ఇంకా చెప్పలేదు.