తలుపు దగ్గరి తెర, లెక్కల పుస్తకం

హనుమకొండలోని మా గ్రంథాలయానికి కొత్త యంత్రాలు వచ్చిన రోజు నేను మిఠాయి పంచాను. ప్రతి పుస్తకం వెనక అట్టకు లోపల అగ్గిపెట్టెంత వెడల్పున పలుచటి చిప్పు బిళ్ళ అంటించారు. చదివేవాళ్ళ కార్డులోనూ అలాంటిదే ఒకటి. రెండూ పట్టుకుని తలుపు దాటితే చాలు, ఎవరు ఏది తీసుకున్నారో యంత్రమే రాసుకుంటుంది. ముద్రలు కొట్టీ కొట్టీ నా వేళ్ళకు పట్టిన సిరా ఇక వదులుతుందని సంబరపడ్డాను.

ఆ సంబరం వారం కూడా నిలవలేదు. తలుపు పక్కన పెద్ద తెర బిగించారు. ఎవరు దాటినా వాళ్ళ పేరు, చేతిలోని పుస్తకం పేరు దాని మీద కొట్టొచ్చినట్టు కనిపించేవి. పేపర్లు చదవడానికి వచ్చే పెద్దమనుషులకు అదొక కాలక్షేపమైంది.

మా దగ్గరికి ఒకామె వచ్చేది. వరంగల్‌లో జంపఖానాలు నేసే ఇంటి మనిషి. ఏ వాడకట్టో ఇక్కడ కూడా చెప్పను. నలభై దాటాక పదో తరగతి పరీక్ష రాయాలని ఇంట్లో తెలియకుండా చదువుకుంటోంది. పాసయ్యాకే చెప్పాలని ఆమె పంతం. ఆ రోజు ఆమె తలుపు దగ్గరికి రాగానే తెర మీద ఆమె పేరు, పక్కనే 'పదో తరగతి గణితం' అని పడింది.

పేపరు చదువుతున్న ఒకాయన కళ్ళజోడు సర్దుకుని, "ఈ వయసుల లెక్కలేంది చెల్లే?" అన్నాడు.

ఆమె వెనక్కి వచ్చి పుస్తకం నా బల్ల మీద పెట్టేసింది.

"నేనిగ రాను అక్కా. మా ఇంట్ల తెలిస్తే నవ్వుతరు. ఫెయిలైతే ఇంకింత నవ్వుతరు."

నాకు ఒళ్ళు మండింది. ముందు వెళ్ళి తెర వైరు పీకేశాను. తర్వాత ఆ యంత్రాలు బిగించిన ఇంజినీరుకు ఫోన్ చేశాను.

"తెర ఉంటే అందంగ ఉంటది గద మేడం" అన్నాడతను.

"మీ ఇంట్ల మందుల చీటీ గేటుకు అంటిస్తవా?" అన్నాను.

మర్నాడే వచ్చాడు. బిళ్ళలో కూడా పుస్తకం పేరు ఉందని, అది చదివే యంత్రం ఎవరి దగ్గరున్నా సంచి తెరవకుండానే తెలుసుకోవచ్చని అప్పుడు బయటపడింది. పట్టుబట్టి తెర తీయించి, బిళ్ళలో ఉత్త నంబరే ఉంచేట్టు, పుస్తకం తిరిగి రాగానే ఎవరు చదివారన్నది చెరిగిపోయేట్టు చేయించాను. అదయ్యేదాకా పాత ముద్రలే కొట్టాను. వేళ్ళకు మళ్ళీ సిరా అంటింది.

ఆమెను నేనే ఫోన్ చేసి పిలిచాను. తెర లేని తలుపును రెండుసార్లు దాటి చూసుకుని, నవ్వి, లెక్కల పుస్తకం సంచిలో పెట్టుకుని పోయింది. నాకు కడుపు నిండినట్టయింది.

నెల తిరక్కముందే ఆమె భర్త వచ్చాడు.

"మా ఇంటామె గీడికి వత్తాందని ఎవరో చెప్పిండ్రు మేడం. ఏం చదువుతాందో జర చెప్పుండ్రి."

"చెప్పను. వత్తాందో లేదో గూడ చెప్పను."

"నేను ఆమె భర్తను."

"ఎవరైనా అంతే."

కోపం వస్తుందనుకున్నాను. అతను చుట్టూ చూసి, బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు.

"అయితే నేనేం తీస్కపోయినా ఆమెకు చెప్పరు గద?"

"చెప్పను."

"నాకో కార్డియ్యిండ్రి. ఏడో తరగతిల బడి బందువెట్టిన. ఇప్పుడు టెన్తు రాద్దామనుకుంటున్న. లెక్కల పుస్తకం ఉన్నదా?"

మా దగ్గర ఉన్నది ఒక్కటే. నవ్వు ఆపుకోవడానికి డ్రాయరులో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాను.

"ఉన్నది. కని ఒకరు తీస్కపోయిండ్రు."

"ఎవరు?"

"అది గూడ చెప్పను" అని కొత్త కార్డు మీద అతని పేరు రాశాను.