పదమూడు డిగ్రీల బేస్‌మెంట్

2023 చలికాలం. ఒంటారియోలో ఒక మోస్తరు ఊరు. పేరు చెప్పను, ఉద్యోగం ఇంకా అక్కడే. ఆ వారం చలి ఎంతంటే, పార్కింగ్‌లో నేను తుమ్మిన తుమ్ము నేలమీద పడి ముక్కలైంది. నేను సిటీలో బై-లా ఆఫీసర్‌ని. బై-లా అంటే ఊరు తనకోసం తాను రాసుకున్న చట్టం. మంచు ఎత్తని వాకిళ్ళు, మొరిగే కుక్కలు, వేడి రాని అద్దె గదులు, ఇదీ నా సామ్రాజ్యం.

ఇమిగ్రేషన్ ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వం పని. అందులో ఊళ్ళు వేలు పెట్టలేవు. అయినా మా కౌన్సిల్ తన గడప వరకు ఒక నియమం చేసుకుంది. సేవ కోసం వచ్చినవాళ్ళ స్టేటస్, అంటే దేశంలో ఉండటానికి కాగితం ఉందా లేదా అన్నది, సిబ్బంది అడగకూడదు. తెలిసినా రాయకూడదు, ఎవరికీ చేరవేయకూడదు. మిగతా సిబ్బందికి ఇది సులువే. నాకు మాత్రం నోట్లో గుడ్డలు కుక్కినట్టయింది. ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే మొదట ఊరు, వెంటనే వీసా, కాఫీ చల్లారేలోగా పీఆర్, అంటే శాశ్వతంగా ఉండటానికి అనుమతి. అవి తీసేస్తే మన దగ్గర మాటలేం మిగులుతాయి?

ఫిర్యాదు ఒక బేస్‌మెంట్ నుంచి వచ్చింది. పేరు లేదు, హీట్ రావడం లేదన్న ఒక్క ముక్క తప్ప ఇంకేం లేదు. తలుపు తీసినాయనకు నలభై దాటి ఉంటాయి. మూడు స్వెటర్లు, వాటిమీద దుప్పటి, తలకు మంకీ క్యాప్. పరుపొకటి లేచి వచ్చి తలుపు తీసినట్టుంది. నా బ్యాడ్జి మీద పేరు చదివి, "తెలుగాండీ?" అన్నాడు. ఒక అడుగు ముందుకు వేసి, మళ్ళీ వెనక్కి వేశాడు.

మా ఊళ్ళో అద్దె గదికి ఇరవై డిగ్రీలు తగ్గకూడదు. థర్మామీటర్ గది మధ్యలో పెట్టి, తలుపు మూసి, అంకె కుదురుకునేదాకా కదలకుండా కూర్చోవాలి. కూర్చున్నాం, ఎదురెదురుగా, నోరు మూసుకుని. అంత నిశ్శబ్దం తెలుగుజాతి చరిత్రలో ఉండి ఉండదు.

"మీరేం అడగరా మేడమ్?"

"అడగకూడదండీ. రూలు."

"మనవాళ్ళలో అడగని మనిషిని ఇప్పుడే చూస్తున్నా." టీ పోసి ఇచ్చాడు. "పోనీ, నేనే చెప్తా. వింటారా?"

"చెవులున్నాయి. రాసే చెయ్యి మాత్రం లేదనుకోండి."

ఆయన రెస్టారెంట్లో వంటవాడు. వర్క్ పర్మిట్ అయిపోయింది, పీఆర్ ఫైలు తిరిగొచ్చింది. తోటివాళ్ళు మాత్రం రోజూ "వచ్చిందా అన్నా?" అని అడిగేవాళ్ళు. ఒకరోజు విసుగెత్తి "వచ్చేసింది" అన్నాడట.

"పార్టీ ఎప్పుడన్నారు మేడమ్. మనవాళ్ళు ఊరుకుంటారా? బిర్యానీ నేనే వండా. వాళ్ళు కేకు తెచ్చారు, దానిమీద ఎర్రటి మేపుల్ ఆకు. కోయించారు. రాని పీఆర్‌కి పార్టీ ఇచ్చినోణ్ణి కెనడాలో నేనొక్కణ్ణే."

నవ్వాడు, నేనూ నవ్వాను. మా టీ కప్పుల ఆవిరి రెండు మేఘాలై మధ్యలో గుద్దుకుంది.

"మర్నాటి నుంచి, వదిన్ని ఎప్పుడు తెస్తావన్నా అని మొదలు. ఆ పని మానేసి వేరే కిచెన్ చూసుకున్నా. గుడికీ పోవట్లే, ఎవరింటికీ పోవట్లే. ఫోటోలు మా ఆవిడ దాకా పోయినై. కరీంనగర్‌లో స్వెటర్ కొనుక్కొని కూసుంది."

థర్మామీటర్ పదమూడు దగ్గర ఆగింది.

అప్పుడే పైనుంచి ఇంటి ఓనరు దిగారు. ఆయనా తెలుగే, పెద్దాయన. "మేడమ్, మనలో మనకి ఆర్డర్లెందుకు? అయినా ఇతగాడి సంగతి నాకు తెలీదా? పీఆర్ వచ్చినవాడు పెళ్ళాన్ని తెచ్చుకోకుండా ఇక్కడెందుకు పడుంటాడు? బోర్డర్ వాళ్ళకి ఒక్క ఫోన్ కొట్టానంటే ఫిర్యాదూ ఉండదు, మనిషీ ఉండడు."

వంటాయన మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కున్నాడు, అప్పుడే బయల్దేరమన్నట్టు.

"ఫిర్యాదు మనిషిది కాదంకుల్, గదిది," అన్నాను. "గది ఇక్కడే పుట్టింది, పక్కా సిటిజన్. దానికి చలిజ్వరం. రేపటికి ఇరవై రాకపోతే ఫైన్." ఆర్డరు రాసి చేతిలో పెట్టాను. గొణుక్కుంటూ పైకెక్కారు.

మా నియమం నా నోటినీ నా పెన్నునూ కట్టేయగలదు. అంకుల్ ఫోన్‌ను కట్టేయలేదు. అది నాకు తెలుసు, వంటాయనకూ తెలుసు. ఉచితంగా సలహా ఇచ్చే లీగల్ క్లినిక్ ఎక్కడుందో చెప్పాను. తలూపాడు.

"మళ్ళీ వస్తారా మేడమ్?"

"ఎల్లుండి. వేడి వచ్చిందో లేదో చూడాలిగా."

"అయితే బిర్యానీ చేస్తా. తింటే మీ నౌకరీ పోతదా?"

"వాసన చూస్తే పోదులెండి."

ఆ ఎల్లుండి, సిగ్గు లేకుండా చెబుతున్నా, మధ్యాహ్నం తినకుండా వెళ్ళాను. మెట్లు దిగుతుంటేనే కోటు విప్పాల్సినంత వెచ్చదనం. వాసన మాత్రం లేదు. తలుపు బార్లా తెరిచి ఉంది. దుప్పటి మడతపెట్టి ఉంది. మనిషి లేడు.

"ఒట్టు మేడమ్, ఫోన్ చెయ్యలేదు. కోపంలో ఓ మాటన్నానంతే," అన్నారు వెనకే మెట్లు దిగొచ్చిన అంకుల్. పాపం, నిజమే అనిపించింది. "ఎక్కడికెళ్ళాడో మీకేమైనా చెప్పాడా?"

"నేను అడగలేదంకుల్."

థర్మామీటర్ గది మధ్యలో పెట్టి, తలుపు మూసి, అంకె కుదురుకునేదాకా ఒక్కదాన్నే కూర్చున్నాను. ఇరవై రెండు. ఫైలు మూసేశాను. మా లెక్కలో అది గెలిచిన కేసు.

ఊరి చట్టం ఒక గదిని వెచ్చబెట్టగలదు. అందులో మనిషిని నిలబెట్టడానికి మిగతావాళ్ళు కూడా నోరు కట్టుకుని సాయపడాలి. ఇది నాకు ఆ ఖాళీ గదిలో తెలిసింది. అప్పటినుంచి డ్యూటీలో లేనప్పుడు కూడా నేనెవర్నీ పీఆర్ వచ్చిందా అని అడగను. మనవాళ్ళ ఫంక్షన్లలో కొత్తవాళ్ళు కనిపిస్తే, "ఇంట్లో వెచ్చగా ఉందాండీ?" అంటాను. వాళ్ళు అయోమయంగా నవ్వి, కేకు వైపు వెళ్ళిపోతారు. బిర్యానీ తెచ్చి పెడితే మాత్రం, ఎవరు వండారో చూడటానికి వంటింట్లోకి ఒకసారి తొంగి చూస్తాను.