పండుగప్ప వంతు

కార్తీక వానలు వెనకబట్టి, సరస్సు నీళ్ల ఎరుపు విరిగిందంటే మా ఊళ్లో మగవాళ్లందరి చూపూ మొగ మీదే. మొగ అంటే పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే చోటు. తుఫాను తోసిన ఇసుకతో అది పూడిపోయేది. దాన్ని తవ్వి తెరిస్తే, సరస్సు నీటితో కొట్టుకొచ్చే చిన్నచేపల కోసం సముద్రంలోంచి పండుగప్పలనే పెద్ద చేపలు ఎదురెక్కి వచ్చేవి. అరవైల మొదట్లో నైలాను మా వైపు ఇంకా రాలేదు. నూలుతాడు పేని, తుమ్మచెక్క కషాయంలో నానబెట్టి, గాలం మొన ఆకురాయితో రాస్తూ వానాకాలమంతా దాని కోసమే కాచుకున్నాను.

ఆ ఏడు ఆత్రం మరీ ఎక్కువ. మాలో పెళ్లయినవాడికే వంతు. నాకు ఆ వేసవిలోనే పెళ్లయింది. ఉత్తరపు గట్టున నీరు మలుపు తిరిగే చోట రోజుకు ఒక్కరే గాలం వేయాలి. పొద్దుగూకితే ఒకరి వంతు ముగిసి ఇంకొకరిది మొదలవుతుంది. మొగ పూడి ఉండగా వంతు వచ్చి పోయిందంటే ఆ ఏటికి అంతే. చీట్లు తీస్తే మా మామ వెనకే నా వంతు పడింది.

ఊరంతా కలిసి చేసే తవ్వకం సరిగ్గా మామ వంతు రోజున సాగింది. పొద్దుండగా మొగ తెరుచుకుంటే తొలి చేపలు ఆయనవి. పొద్దుగూకాక తెరుచుకుంటే నావి. తొలి ఊపులో వచ్చినన్ని తర్వాత రావు. ఈ లెక్క తట్టాక నా పార మెల్లబడింది.

"ఏందల్లుడా, పార బరువైందా?" అన్నాడు మామ, ఇసుక ఎత్తిపోస్తూనే.

"పోటు రానీ మామా. సముద్రాన్ని లాగేది చంద్రుడంట, పుస్తకంలో ఉండాది."

"చంద్రుడు లాగేటట్టయితే నీకు పారెందుకు? ఇంటికి పోయి పడుకో!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, కళ్లు పడమటి వైపే ఉన్నాయి.

పొద్దు సరస్సు అంచును తాకుతుండగా చివరి కట్ట తెగింది. మోకాటి లోతు కాలువ చూస్తుండగానే ఏరైంది. గట్లు పెళ్లలుగా విరిగిపడుతున్నాయి. మామ గాలంతో మలుపు దగ్గరికి పరుగెత్తాడు. వెనకే నేను.

"ఆగు మామా. పొద్దుగూకింది!"

"కళ్లు పోయినాయా? అదో, సగం ఉండాడు!"

తగవులు తీర్చే ఊరి పెద్దకాపు వచ్చి మధ్యలో నిలబడ్డాడు. నేను ఊరికే అనలేదు. మూడో తరగతితో బడి మానినవాణ్ణే అయినా చిట్టమూరు గ్రంథాలయంలో బీరువా తర్వాత బీరువా చదివాను. వెలుతురు గాలిలో వంగి వస్తుందనీ, అంచున కనిపించే సూర్యుడు నిజానికి అప్పటికే దిగిపోయి ఉంటాడనీ చదివింది చదివినట్టు చెప్పాను.

పెద్దకాపు సూర్యుణ్ణీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"నిజమే అయ్యుండొచ్చు అబ్బయ్యా. పుస్తకంలో గూకినాడు. ఈడ ఇంకా గూకలా. మన వంతులు కనపడే పొద్దుకే." మామ వైపు తిరిగి, "వెయ్యి, బిన్నా వెయ్యి, పొద్దు దిగిపోతా ఉండాది" అన్నాడు.

మామ బతికున్న చేపపిల్లను ఎరగా గుచ్చి విసిరాడు. నేను సూర్యుణ్ణే చూస్తున్నాను. పావు మిగిలింది. గోరంత మిగిలింది. అప్పుడు తాడు గుంజుకుంది. పండుగప్ప నీళ్లమీదికి ఎగిరి పడింది. అది పడేసరికి పొద్దు లేదు.

ఇక వంతు నాదే. కాని ఆయన చేప నా మలుపులోనే గిరగిరా తిరుగుతోంది. గాలం వేస్తే తాళ్లు చిక్కుపడతాయి.

"లాగు మామా!"

"లాగితే తెగిపోద్దిరా. అలవనీ."

"అది అలిసేలోపల మిగతావన్నీ సరస్సులోకి పోతాయి!"

"అంత తొందరైతే దిగి పట్టు!"

దిగాను. నడుము దాకా నీళ్లు, కాళ్ల కింద జారిపోతున్న ఇసుక. గట్టు మీద ఎవరో బూతులు తిడుతూ వెనక్కి రమ్మంటున్నారు. తాడు వెంబడి వెళ్లి చేప మొప్పల్లోకి చెయ్యి దూర్చి పట్టుకున్నాను. మొప్ప అంచు కత్తిలా అరచేతిని కోసింది. చేపను రొమ్ముకు అదుముకున్నాను. మామ తాడు లాగుతుంటే దానితోపాటు ఒడ్డున పడ్డాను.

చేతిలో నెత్తురు ఎంతుందో చూసుకోలేదు. ఎర గుచ్చి విసిరాను. నీరు తాడును లాక్కుపోయింది, ఆగింది, మళ్లీ లాక్కుపోయింది. ఉన్నట్టుండి అరచెయ్యి భగ్గుమంది. తాడు బిగుసుకుని నీళ్లను కోసుకుంటూ పక్కకు పరిగెత్తుతోంది.

మామ తన చేపను ఇసుకలోనే వదిలేసి వచ్చి, వెనక నుంచి నా నడుము గట్టిగా పట్టుకున్నాడు.

"వదలబాక అల్లుడా," అంటున్నాడు, "వదలబాక."