ఏడో నెలలో ఇల్లు మారాం

కాట్రేనికోన దగ్గర మేం అద్దెకు దిగిన ఇంట్లో మొదటిరోజు పాలు చక్కగా పొంగాయి. ఇంటావిడ చూసి మురిసిపోయింది. ఆవిడని పిన్నిగారూ అని పిలిచేదాన్ని. పదకొండు నెలల అగ్రిమెంటు మీద మా ఆయన సంతకం పెట్టారు. నాకప్పుడు రెండో నెల.

రెండు నెలలు తిరక్కముందే పెరటి గోడ అవతల కొబ్బరితోట మాయమైంది. ఇంటాయన తోటని రొయ్యల చెరువుకి లీజుకిచ్చేశారు. పొక్లెయిను వారం రోజులు చెట్లని వేళ్ళతో సహా పెకలించింది. ఆ తర్వాత చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడు ఆగేది కాదు. గట్టు మీద మిగిలిన ఒక్క చెట్టు మొవ్వు పసుపు రంగుకి తిరిగి వాడిపోయింది. బట్టలారేస్తూ అటు చూడాలంటే నాకు భయం వేసేది.

తర్వాత వంటింట్లో మొదలైంది. కందిపప్పు ఎంతకీ ఉడకదు. టీ పెడితే పాలు విరిగిపోతాయి. పాలవాడి మీద నోరు పారేసుకున్నాను. పాపం, అతను తన క్యానులో పాలు అక్కడే కాచి చూపించాడు. విరగలేదు. మా బోరు నీళ్ళు ఓ గ్లాసు పోసి మళ్ళీ కాచితే విరిగాయి. ఇద్దరం గిన్నెలోకి చూస్తూ నిలబడ్డాం.

మర్నాడు వాటర్ టిన్ను తెప్పించాం. పిన్నిగారు గుమ్మంలోంచి దాన్ని చూసింది.

"మా బోరు నీళ్ళు కొబ్బరి నీళ్ళేనండి. వీధి వీధంతా పట్టుకెళ్ళేవోరు. మీకేం లోటు చేసేమండీ?"

కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకిష్టమని చేపల పులుసు పంపే మనిషి. మొహమాటపడి టిన్నులు మానేశాం. ఇంత బుద్ధితక్కువ పని మా గోదావరి వాళ్ళు తప్ప ఎవరూ చెయ్యరు.

ఏడో నెలలో నా కాళ్ళు వాచాయి. అమలాపురంలో డాక్టరమ్మ బీపీ చూసింది. కాసేపాగి మళ్ళీ చూసింది. ఏ నీళ్ళు తాగుతున్నావని అడిగింది. రొయ్యల చెరువు పక్క బోరు నీళ్ళని చెప్పాను.

"ఆ ఉప్పునీళ్ళు ఇంక వద్దు. ఇల్లు మారండమ్మా. ఈ వారమే."

తిరుగు బస్సులో పొట్ట మీంచి చెయ్యి తియ్యలేదు. లోపల బిడ్డ కదిలితే ఊపిరి పీల్చుకోవడం, కదలకపోతే బిగబట్టడం.

అగ్రిమెంటు ఇంకా ఆరు నెలలుంది. మీ నీళ్ళు పాడయ్యాయని ఆవిడ మొహం మీద ఎలా అంటాం? మా ఆయనకి ట్రాన్స్‌ఫరైందని చెప్పేశాం. పిన్నిగారు పల్లెత్తు మాట అనలేదు. "వట్టి మనిషి కూడా కాదు, ఈ నెల్లో ఇల్లు మారకూడదంటారండి" అని మాత్రం బాధపడింది. దగ్గరుండి గిన్నెలు సర్దించింది.

సామాను ఆటో కదలబోతుంటే నా చేతులు పట్టుకుంది.

"ఒకందుకు మీరు వెళ్ళడమూ మంచిదేనండి. మా అమ్మాయి వచ్చేవారం పురిటికొస్తంది. తొలిచూలు. ఈ పోర్షను దానికే సర్దుతాను. బయట తిండి, బయట నీళ్ళు ముట్టనివ్వనండి, అన్నీ నా చేత్తోనే."

చెప్పాలని నోరు తెరిచాను. ట్రాన్స్‌ఫరని అబద్ధమాడింది ఆ నోరే. మా ఆయన ఆటోలోంచి పిలుస్తున్నారు.

"ఆయ్, మంచిదండీ" అన్నాను.

మలుపు తిరిగాక ఫోన్ చేసి చెప్పొచ్చు. చెయ్యలేదు. మా పాపకిప్పుడు రెండేళ్ళు. పిన్నిగారి నంబరు నా దగ్గర అలాగే ఉంది. వాళ్ళమ్మాయికి పాపా, బాబా అని అడిగే ధైర్యం ఇవాళ్టికీ రాలేదు.